సీటు మారినచో చదువుసాయ మేమగును?

(వార్షిక మహాసభలోని విద్యాగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



ఈ గోష్ఠిలో మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు "విద్యయొక్క ప్రాశస్త్యము" అను విషయమును సూచించిరి. ఆ విషయమున మన సభలలో చెప్పవలసినంతయు చెప్పబడియే యున్నది. చదువు మంచిదని తెలియనివారు నేడు కొల్లేటి నడిమి లంకలో గూడ లేరు. కావున వారి యనుమతితో మరియొక సంగతిని చేపట్టితిమి. సభలలో దీని నెవ్వరును ముట్టుకొనరు; ఇండ్లలో మాత్రము ప్రతి సంవత్సరమును జూలై మొదలు అక్టోబరు వరకు తల్లిదండ్రులకు నిదుర లేకుండ జేయునది యిదియే. పిల్లవాడొక కళాశాలలో చేరును. సహాయధనము వచ్చుననెడి నమ్మకము కలుగును. ఇంతలో మరియొకచోట మేలైన సీటు వచ్చును. లేదా వాని మనసు మారును. లేదా ఇంట నేదో కష్టము వచ్చి చదువు నిలిచిపోవును. అప్పుడా సహాయధన మేమగును? కట్టిన రుసుము తిరిగి వచ్చునా? క్రొత్తచోట మరల సహాయము దొరకునా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియక మనవారు పోగొట్టుకొనుచున్న ధనము, మన మేటేట విరాళములుగ ప్రోగుచేయు ధనముకంటె తక్కువ గాదని మా నమ్మకము.

వెనుకటి దినములలో నీ ప్రశ్న యంతగా పుట్టలేదు. ఏలూరున సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945లో వెలసెను. అంతకు పూర్వము మన ప్రాంతపు బాలురు పై చదువులకు బందరు నోబుల్ కళాశాలకో, రాజమహేంద్రవరమునకో, కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకో పోవలసి యుండెను. ఏ దాతయో నెలకింతయని యిచ్చుచుండెను. కులసంఘములు వసతిగృహములు నెలకొల్పి కూడు పెట్టుచుండెను. చేరినచోటనే చదువు ముగియుటయో ఆగుటయో జరుగుచుండెను గాని, మూడు నెలలలో మూడు కళాశాలలు మారుట యెవ్వరును కని విని యెరుగరు. నేడో! తాడేపల్లిగూడెము చెంత శ్రీ వాసవి ఇంజనీరింగు కళాశాల 2001లో వచ్చినది. వెంకట్రామన్నగూడెమున ఉద్యానవిశ్వవిద్యాలయము 2007లో వచ్చినది. తాడేపల్లిగూడెముననే 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అనగా నిట్టు, వచ్చినది. ఏలూరున ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో తెరవబడినది. బస్సెక్కి పోగల దూరములో నిన్ని ద్వారములు తెరచియుండగా, ఇంటరు ముగించిన పిల్లలు ఒకే వేసవిలో నాలుగు పరీక్షలు వ్రాసి, నాలుగు కౌన్సెలింగులలో పేర్లిచ్చి, ముందు వచ్చినదానిలో చేరి, మేలైనది వచ్చినపుడు మారుచున్నారు. మారుట తప్పని మేమనము. తెలిసి మారవలెనని మాత్రమే మా మనవి.

మొదట నొక మూలవిషయమును గ్రహింపవలెను. "మా వానికి స్కాలర్షిప్పు వచ్చినది" అని మనవా రందురు. వాడుకలో నది తప్పుగాదు. కాని నియమముల దృష్టిలో స్కాలర్షిప్పు పిల్లవానికి రాలేదు. ఫలాని కళాశాలలో, ఫలాని తరగతిలో, ఫలాని మార్గమున చేరిన పిల్లవానికి వచ్చినది. ఈ మూడింటిలో నేది మారినను సహాయము తనంతట తాను వెంట నడచి రాదు. కొల్లేటి వారికి మేము వేరుగ చెప్ప నక్కరలేదు. చెరువు కౌలుకాగిత మా చెరువునకే చెల్లును. కౌలుదారు గట్టు దాటి ప్రక్కచెరువులోనికి పోయినచో పాత కాగితమును చూపి అచ్చట చేప పట్టుటకు వీలులేదు. క్రొత్త కాగితము వ్రాయించుకొనవలెను.

మన రాష్ట్రమున ఫీజు రీయింబర్సుమెంటని యందరు పిలుచు పద్ధతి, డాక్టరు వై.యస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగ నున్న కాలమున, 2008 ప్రాంతమున, వెనుకబడిన తరగతుల పేదవిద్యార్థులకును విస్తరించి మన గ్రామములలో ఇంజనీరింగు చదువునకు బాట వేసినది. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు కేంద్రప్రభుత్వపు పోస్టుమెట్రికు స్కాలర్షిప్పు 1944 నుండియే కలదు. ఇందు రెండు పాళ్లున్నవి. ఒకటి బోధనరుసుము, రెండవది భోజనవసతుల ఖర్చు. 2019 నవంబరులో వెలువడిన ఉత్తరువుల ప్రకారము కుటుంబవార్షికాదాయము రెండున్నర లక్షలకు మించరాదు. విద్యార్థి హాజరు నూటికి 75 పాళ్లకు తగ్గరాదు. మేనేజిమెంటు కోటాలో గాని, స్పాటు అడ్మిషనుద్వారా గాని చేరినవారికి సహాయము లేదు. ఇంటినుండి చదువు దూరవిద్యకును లేదు. వసతిఖర్చు క్రింద 2020 ఫిబ్రవరిలో మొదలిడిన పద్ధతిలో ఐ.టి.ఐ.వారికి సంవత్సరమునకు 10,000, పాలిటెక్నికువారికి 15,000, డిగ్రీ మొదలు పై చదువులవారికి 20,000 రూపాయలు రెండు విడతలుగ నిర్ణయింపబడినవి.

స్పాటు అడ్మిషనను మాటను మరల నొకమారు వినుడు. మనవారి కొంపలు కూల్చుచున్నదదియే. అట్టి కుటుంబములను మేమెరుగుదుము. బాలునికి కన్వీనరు కోటాలో యంత్రశాఖలో, అనగా మెకానికల్‌లో, సీటు వచ్చినది. వానికి కంప్యూటరుపై మోజు. ఇంటికి దగ్గరనున్న మరియొక కళాశాలవారు పిలిచి, "మావద్ద కంప్యూటరు శాఖలో సీట్లు మిగిలినవి, వచ్చి చేరుము, అంతయు నొకటే" అనిరి. కన్వీనరు సీటు వదలుకొని చేరెను. అంతయు నొకటి కాదు. కన్వీనరు సీటుతో నాలుగేండ్ల రుసుము ప్రభుత్వము భరించి యుండెడిది. స్పాటు సీటుతో నాలుగేండ్ల రుసుమును తండ్రి నెత్తిమీదికి వచ్చినది. ఆ తండ్రి చేపలచెరువున కాపలా యుండువాడు. మాట యిచ్చిన కళాశాలవారు నోటిమాటయే యిచ్చిరి గాని కాగితము నీయలేదు.

దీనికి భిన్నముగ, కౌన్సెలింగు తుదివిడతలో మరల వెబ్ ఆప్షనుల నిచ్చి శాఖనో కళాశాలనో మార్చుకొన్నచో హానిలేదు. పాత సీటు తనంతట రద్దగును; క్రొత్తదియు కన్వీనరు సీటే గనుక సహాయమున కర్హత పోదు. ఒక్కటి మాత్రము జ్ఞాపక ముంచుకొనవలెను. క్రొత్తసీటు వచ్చిన పిదప పాతదే బాగున్నదని వెనుకకు మరలుటకు వీలులేదు. కావున ఆప్షనులు పెట్టునపుడు, ఉన్నదానికంటె నిజముగ మేలనుకొన్నవానినే పెట్టవలెను. ఇంటర్నెట్టు అంగడిలోని కుర్రవాడు "ఇంక నాలుగు పెట్టమందురా" యని యడిగినపుడు సరేయనుటవలన సీట్లు పోగొట్టుకొన్నవారు గలరు.

ఇక ఇంజనీరింగునుండి వైద్యవిద్యకు పోవువారి సంగతి. ఇది సంతోషముతో కూడిన చిక్కు. ఇంజనీరింగు తరగతులు మొదలైన పిమ్మటనే నీటు కౌన్సెలింగు విడతలు తరచుగ ముగియును. అప్పటికి విద్యార్థి యొక కళాశాలలో నెలయో రెండు నెలలో చదివి యుండును. సీటు వదలి పోవుదునన్నచో, రుసుము ప్రభుత్వమునుండి వచ్చునను ధైర్యముతో వానిని చేర్చుకొన్న కళాశాలకు, విద్యార్థి పోయినచో నా రుసుము రాదనెడి భయము పుట్టును. ఆ భయముతో కొందరు అసలు ధ్రువపత్రములను బిగబట్టి, "ఏడాది రుసుము కట్టి పట్టుకొనిపొమ్ము" అందురు. అవతల వైద్యకళాశాలలో చేరుటకు రెండు మూడు దినములే గడువుండును. తల్లి మెడలోని గొలుసు బ్యాంకికి పోవున దప్పుడే.

ఇట్లు ధ్రువపత్రములను ఆపుట నియమవిరుద్ధము. విశ్వవిద్యాలయముల నిధిసంఘము, అనగా యూజీసీ, 2018 అక్టోబరులో వెలువరించిన ప్రకటనలో అసలు ధ్రువపత్రములను ఉంచుకొనరాదని స్పష్టముగ చెప్పినది. రుసుము తిరిగి యిచ్చుటకును లెక్క యేర్పరచినది. ప్రవేశములకు ప్రకటించిన కడపటి తేదీకి పదునైదు దినములు గాని అంతకెక్కువగాని ముందు వదలినచో రుసుమంతయు నీయవలెను; అందు నూటికి అయిదు పాళ్లకు, అదియు అయిదువేల రూపాయలకు, మించకుండ పనిఖర్చు తగ్గించుకొనవచ్చును. పదునైదు దినములలోపు ముందైనచో తొంబది పాళ్లు. కడపటి తేదీ దాటి పదునైదు దినములలోపు ఎనుబది పాళ్లు. ముప్పది దినములలోపు సగము. ముప్పది దినములు దాటినచో ఏమియు రాదు. ఇది సాధారణ లెక్క. కౌన్సెలింగులు ఆలస్యమగుచుండుటచేత 2024–25 సంవత్సరమునకు మాత్రము సెప్టెంబరు 30 లోపల వదలినవారికి పూర్తిరుసుమును, అక్టోబరు 31 లోపల వదలినవారికి వేయిరూపాయలకు మించి తగ్గింపక మిగిలినదియు ఈయవలెనని యూజీసీవారు వేరుగ చెప్పిరి. ఇట్టి ప్రత్యేకప్రకటన ఆ యేటికే చెల్లును గనుక ప్రతి సంవత్సరము క్రొత్తగ విచారించుకొనవలెను. సాంకేతికవిద్యకు ఏ.ఐ.సి.టి.ఇ.వారి నియమము కలదు. తరగతులు మొదలగుటకు ముందే వదలినచో వేయిరూపాయలకు మించి పట్టుకొనరాదు. తరగతులు మొదలైన పిదప వదలగా నా సీటు గడువులోపల మరియొకరితో నిండినచో, చదివిన నెలలకు తగినంత మాత్రము పట్టుకొని మిగిలినది తిరిగి యీయవలెను. సీటు నిండకపోయినను ధరావతును, ధ్రువపత్రములను తిరిగి యీయవలెను; రాబోవు సంవత్సరముల రుసుము నడుగరాదు.

నియమము మనవైపున నున్నంత మాత్రమున పని కాదు. సీటు వదలుచున్నామని నోటితో చెప్పి వచ్చుట మనవారి యలవాటు. తేదీ వేసి వ్రాసి, కళాశాల కార్యాలయమున అందినట్లు ముద్ర వేయించుకొని, ఒక ప్రతి దగ్గర నుంచుకొనవలెను. పై లెక్కలన్నియు నా తేదీనుండియే నడచును. ముద్ర వేయమన్నచో రిజిస్టరు తపాలాలో పంపవలెను. తపాలాఖర్చుకు వెనుదీసి సగము రుసుము వదలుకొన్నవారి నేమనవలెనో మాకు తెలియదు.

వైద్యకళాశాల యనగనే అంతయు ప్రభుత్వపు చదువే యనుకొనుటయు పొరపాటు. ఏలూరు ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో తెరచినపుడు, దానితోపాటు తెరచిన మరి నాలుగు కళాశాలలలో వలెనే, అఖిలభారత కోటా పోగా మిగిలిన సీట్లను మూడు విధములుగ విభజించిరి. సగమునకు సంవత్సరమునకు 15,000 రూపాయలు; మరి నూటికి 35 పాళ్లకు 12 లక్షలు; ప్రవాసభారతీయుల పేర నున్న 15 పాళ్లకు 20 లక్షలు. ఒకే కప్పు క్రింద, ఒకే ఉపాధ్యాయుని యెదుట, ఒకే బల్లపై కూర్చున్న ముగ్గురి రుసుము మూడు విధములు. సహాయము మనిషిని గాక సీటును చూచుననుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

డిగ్రీలో నొక యేడు చదివి, మరల ప్రవేశపరీక్ష వ్రాసి ఇంజనీరింగునకు పోవువారు మరియొక తెగ. ఇట్టివారిలో బాలికలే యెక్కువగ కనిపింతురు. మొదటి యేట దూరము పంపుటకు తల్లిదండ్రులు వెనుకాడుటయే కారణము. వీరికి వచ్చు చిక్కు పోర్టలులో నున్నది. విద్యార్థి యాధారుసంఖ్య పాత కళాశాలలో నమోదై యుండును. పాతవారు "ఈమె వెడలినది" యని వ్రాసి తొలగించినగాని క్రొత్తకళాశాలవారి దరఖాస్తు ముందునకు నడవదు. పాతవారి కందు లాభము లేదు గనుక తొందర యుండదు. టి.సి. తీసికొను దినముననే పోర్టలునుండియు పేరు తీయించుకొనుట మేలు. తరువాత నిరువది మార్లు తిరుగవలసి వచ్చును. మరియు ఒకే స్థాయి చదువును విడిచి అదే స్థాయిలో వేరొకటి చదువువారికి సహాయ మీయరాదను నియమము కేంద్రపు స్కాలర్షిప్పులో చిరకాలముగ నున్నది, బి.ఏ. ముగించి మరల బి.కాం. చదువుట దాని కుదాహరణము. ఆ నిబంధనలలోనే, ప్రభుత్వముయొక్క ముందనుమతి లేక విషయమును గాని విద్యాసంస్థను గాని మార్చినచో సహాయము రద్దగుననియు, సంవత్సరము నడుమ చదువు మానినచో నిచ్చిన ధనమును తిరిగి కట్టుమని ప్రభుత్వ మడుగవచ్చుననియు వ్రాయబడి యుండెను. అడిగిన సందర్భములు తక్కువ కావచ్చును. కాగితముపై హక్కు మాత్రము వారిది.

ధనమెవరి చేతికి వచ్చుననుటయు ముఖ్యమే. మొదట కళాశాలలకే చెల్లించుచుండిరి. 2021 ఏప్రిలునుండి తల్లి బ్యాంకిఖాతాలో వేయ నారంభించిరి. 2023లో తల్లియు విద్యార్థియు గలసిన ఉమ్మడిఖాతాకు మార్చిరి. 2024లో ప్రభుత్వము మారిన పిదప పథకముల పేర్లును మారినవి, ధనము మరల కళాశాలలకే పోవు పద్ధతి వచ్చినది. ఇందేది మేలను వాదమిచ్చట వలదు. చదువు నడుమ మారిన విద్యార్థికి మాత్ర మిన్ని మార్పులవలన లెక్క చిక్కుపడినది. ఒక విడత తల్లిఖాతాలో పడి ఇంటిఖర్చులో కలిసిపోవును. మరియొక విడత రాకముందే పిల్లవాడు కళాశాల మారును. పాత కళాశాలవారు బాకీ యందురు. ఏ విడత యే తేదీన నెవరికి చేరినదో బ్యాంకిపుస్తకమున వ్రాయించి దాచుకొన్న తల్లులు మాత్రమే నిబ్బరముగ సమాధానము చెప్పగలుగుచున్నారు.

మారుట యనగా కళాశాల మారుటయే గాదు, చదువాగుటయు మారుటయే. హాజరు తగ్గి సంవత్సరము పోయినవారిని చూచుచున్నాము. విశ్వవిద్యాలయమువారు 75కు తక్కువగ, 65కు తగ్గకుండ నున్నవారిని తగిన కారణముపై క్షమించి పరీక్షకు పంపవచ్చును గాని, 65కు దిగినవాడు ఆ భాగమును మరల చదువవలసినదే. ఆ రెండవమారు చదువునకు ప్రభుత్వము మరల రుసుము చెల్లించునని యాశింపరాదు. కొల్లేటివారికిది ప్రత్యేకముగ చెప్పుచున్నాము. తమ్మిలేరు, బుడమేరు పొంగి లంకలకు దారులు మునుగునది చదువులు మొదలైన నెలలలోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినపుడు ఆ నీరు చివరకు కొల్లేటికే దిగినది. అట్టి దినములలో కళాశాలకు పోలేనివారు, నీరు తీసిన వెంటనే ప్రిన్సిపాలుగారికి కారణము వ్రాసి యీయవలెను. సంవత్సరాంతమున హాజరుపట్టిక చూచి ఏడ్చిన ఫలము లేదు.

ఆదాయపు సంగతియు కొల్లేటివారికి వేరుగ నున్నది. 1999లో సరస్సు అభయారణ్యమైనది. 2006లో అయిదవ కాంటూరు లోపలి చేపలచెరువుల గట్లను పగులగొట్టిరి. నిన్నటివరకు చెరువుగలవాడనిపించుకొన్నవాడు మరునాటికి కూలివాడైనను, కాగితములలో వాని యాదాయ మంత త్వరగ తగ్గలేదు. నేటికిని తెగులువచ్చి చెరువు పోయిన యేట నిట్లే జరుగుచున్నది. అట్టి యేట పాత ఆదాయపత్రముతోనే కూర్చుండక తహసీలుదారుగారివద్ద క్రొత్తపత్రమునకు దరఖాస్తు పెట్టవలెను.

తాడేపల్లిగూడెపు నిట్టులో సీటు వచ్చినవారికి లెక్క వేరు. దేశములోని నిట్టులన్నింటను షెడ్యూల్డు కులములు, తెగల విద్యార్థులకును, అంగవికలురకును బోధనరుసుము పూర్తిగ లేదు. ఇతరులలో కుటుంబాదాయము లక్షలోపు నున్నవారికి పూర్తిగను, లక్షమొదలు అయిదు లక్షలవరకు నున్నవారికి మూడింట రెండు పాళ్లును మినహాయింపు కలదు. ఇది సంస్థయే యిచ్చు తగ్గింపు. రెండున్నర లక్షలు దాటి రాష్ట్రసహాయమునకు నోచుకొనని చిన్నయుద్యోగి బిడ్డకు గూడ నిది దక్కును. రాష్ట్రపు కౌన్సెలింగులో సీటు తీసికొని తరువాత నిట్టునకు పోవుటో, నిట్టును వదలి ఇంటిదగ్గర చేరుటో చేయునపుడు, ఈ రెండు తగ్గింపులను కాగితముమీద ప్రక్కప్రక్కన వేసి చూచుకొనవలెను. పేరుప్రతిష్ఠలను చూచినట్లే రుసుమును చూచుకొనుట చిన్నతనము గాదు.

అమెరికాలోని మన బంధువులు కొందరు అచ్చటి పద్ధతిని మా కెరిగించిరి. అచ్చట ఫెడరలు ప్రభుత్వపు సహాయము పొందిన విద్యార్థి చదువు నడుమ మానినచో కళాశాలవారే దినములు లెక్కించి, చదివిన పాలును బట్టి యెంత దక్కినదో తేల్తురు. ఆ చదువుభాగములో నూటికి అరువది పాళ్లు దాటినచో సహాయమంతయు దక్కినట్లే. తీసికొను పాఠములు తగ్గినచో పెల్ గ్రాంటను సహాయమును నా మేరకే తగ్గును. ఇచ్చటినుండి చదువ పోవు మన పిల్లలకా ఫెడరలు ధనము వర్తింపదు. అచ్చటి పౌరులైన మనవారి బిడ్డలకు వర్తించును. ఆ దేశపు ఖర్చులను మేము మెచ్చుకొనము గాని, మానినవాని లెక్కను తేల్చు బాధ్యత కళాశాలపై పెట్టుట మాకు నచ్చినది. ఇచ్చట నా బాధ్యత కొల్లేటి చేపలవాని పైన బడుచున్నది.

బ్యాంకి ఋణము తీసికొన్నవారికి రెండు మాటలు. ఋణమును ఫలాని కళాశాలకు, ఫలాని చదువునకు మంజూరు చేసి, రుసుమును బ్యాంకివారు తిన్నగ కళాశాలకే పంపుదురు. మారదలచినచో ముందు బ్యాంకికి తెలుపవలెను. తిరిగి వచ్చు రుసుము ఋణఖాతాకే పోవలెను. వడ్డీరాయితీ పొందుచు నడుమ చదువు మానినవారికి, జబ్బువలన మానినవారికి దప్ప, ఆ రాయితీ పోవుననుట 2009లో మొదలైన కేంద్రపు వడ్డీసహాయ పథకపు నియమము.

ఇంతవరకు ఇతరుల నియమములను చెప్పితిమి. ఇక మన విద్యానిధి సంగతి. మన నిధి నియమములలో, విద్యార్థి కళాశాల మారినచో వేతనము నిలుపబడునని యొకటి కలదు. ఆ నియమము చేసిన పెద్దల యుద్దేశము మంచిదే. నాడు కళాశాల మారుట యనగా చెడుసావాసమునకో సోమరితనమునకో గుర్తు. దాతల ధనము వ్యర్థము గాకూడదని వారట్లు వ్రాసిరి. కాని నేడు మారు పిల్లవా డెవడు? మేలైన సీటు సంపాదించినవాడు, ఇల్లు మునిగినవాడు, తండ్రి మంచము పట్టినవాడు. ప్రభుత్వసహాయ మాగిపోవు నాయొక్క నెలలోనే మన సహాయమును ఆగిపోవుచున్నది. వర్షము కురియునపుడే గొడుగును తిరిగి పుచ్చుకొన్నట్లున్నది.

కావున ఈ మహాసభయెదుట మే మొక తీర్మానము నుంచుచున్నాము. మన వేతనము కళాశాల పేర గాక విద్యార్థి పేరనే మంజూరు కావలెను. చదువుకాలములో నొకమారు కళాశాలనుగాని శాఖనుగాని మార్చినవారికి, ముప్పది దినములలోపల కార్యదర్శికి వ్రాసి తెలిపినచో, వేతనము నిలువరాదు. రెండవమారు మారినచో కార్యవర్గము విచారింపవలెను. మరియు నిధిలో కొంతభాగమును వేరుచేసి, పాత కళాశాలనుండి రుసుము తిరిగి వచ్చులోపల క్రొత్తచోట కట్టుటకు వడ్డీలేని చేబదులుగ నీయవలెను. రుసుము వచ్చినపుడది తిరిగి నిధికి చేరును. మే మడుగునది దానము గాదు, రెండు మూడు నెలల ఆసరా మాత్రమే.

ఇందు కొన్ని యాక్షేపణలు వచ్చునని యెరుగుదుము. నిన్న రాత్రి భోజనపంక్తిలోనే యొక పోషకుడు, "పిల్లలు చేబదులు పుచ్చుకొని తిరిగి యీయకున్న?" అని యడిగిరి. కొందరీయరు. చెరువునకు పెట్టుబడి పెట్టువారందరికి ప్రతి యేడు చేప దక్కుచున్నదా? తల్లిదండ్రులలో నొకరిచేతను, గ్రామశాఖపెద్దచేతను సంతకము పెట్టించినచో చాలవరకు తిరిగి వచ్చునని మా యనుభవము. రెండవ యాక్షేపణ బరువైనది. కొందరు దాతలు తమ తల్లిదండ్రుల పేర ఫలాని కళాశాల విద్యార్థికే యని శాశ్వతనిధి నిచ్చియున్నారు. వారి మాటను మనము దాటరాదు. అట్టి నిధులను ఈ తీర్మానము తాకదు. దాతయో వారి వారసులో వ్రాతమూలముగ నొప్పుకొన్నపుడే మార్పు వర్తించును. ఒప్పుకొనని వారిని నిష్ఠురమాడ వలదు.

సీటు మార్చుకొనదలచిన పిల్లల కాగితములను చూచి, ఏ తేదీలోపల నేమి చేయవలెనో చెప్పుటకు మనలో చదువుకొన్న యుద్యోగులు కౌన్సెలింగు నెలలలో ఆదివారములందు రెండు గంటలు కూర్చుండవలెనని కూడ తీర్మానమున చేర్చితిమి. ఏలూరున మన వసతిగృహములోను, తాడేపల్లిగూడెమున సంఘభవనములోను చోటున్నది. కైకలూరువైపు లంకలవారికి ఏలూరు రానుపోను ఒక దినపు కూలి పోవును. కావున అచ్చటనే యొక చోటు చూపవలెనని మండవల్లి, కైకలూరు సోదరులను కోరుచున్నాము. ఇప్పటికి ముగ్గురు ఉపాధ్యాయులు పేర్లిచ్చిరి. బ్యాంకిలో పనిచేయువారొకరు, రెవెన్యూశాఖవారొకరు దొరికినచో పని సులభమగును.

తీర్మానపు ప్రతులను ద్వారమువద్ద నుంచితిమి. సవరణల నీయదలచినవారు సాయంకాలపు సర్వసభ్యసమావేశమునకు ముందుగ వ్రాసి కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థన. ఈ యేడు సీటు మార్చుకొన్న పిల్లలు, వారి తల్లిదండ్రులు ఈ సభలోనున్నచో భోజనానంతరము తమ కాగితములతో ఉత్తరపువసారాకు రావలెను. మేమచ్చటనే యుందుము.